‘మరియు బృందం’ అంటే ఎవరు?



మొన్న ఆదివారం ఎర్రగడ్డ అంగట్లో ఒక పాత క్యాసెట్ 20 రూపాయలకు కొన్నాను. పాత ఛార్జర్లు, రిమోట్లు, పగిలిన మిక్సీ జార్ల మధ్య పడి ఉంది. దాని కవర్ ఫొటో తీసి నా గోడ మీద పెట్టాను. సాయంత్రానికి ఒకాయన ఫోన్ చేశాడు. 2,000 ఇస్తాను, అమ్ముతారా మేడమ్ అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. మా బస్తీలో పదిమంది చందాలు వేసుకుని తెచ్చిన క్యాసెట్ అది. 1991లో బాబాసాహెబ్ శత జయంతికి తెచ్చారు. నీలం రంగు ఒక్కటే వాడి అచ్చు వేసిన కవర్, వెనకాల వెల 20 రూపాయలు. అప్పుడే అన్నీ అమ్ముడుపోలేదు. మిగిలినవి పెళ్ళిళ్ళలో ఉత్తగనే పంచారు. దానికి ఇప్పుడు 2,000 ఎందుకు అని అడిగాను.

“రేర్ మేడమ్. ఇంకో కాపీ ఎక్కడా కనపడలేదు.”

ఆయన సైనిక్‌పురిలో ఉంటాడు. ఇంట్లో ఒక గది నిండా రికార్డులే. ఆయన అసలు పిచ్చి అమెరికా సోల్ సంగీతం. అందులోనూ పెద్ద కంపెనీల పాటలు కాదు. చిన్న చిన్న లేబుళ్ళు కొన్ని వందల కాపీలు వేసి మూతపడ్డ ఏడంగుళాల సింగిల్స్. మన క్యాసెట్లు ఈ మధ్యే ఏరడం మొదలుపెట్టాడు. మనిషి మంచివాడు, పాట అంటే ప్రాణం. ఆయన్ని తిట్టడానికి ఈ వ్యాసం రాయడం లేదు. కానీ ఆయన అన్న ‘రేర్’ అనే మాట నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు. ఆ మాట గురించే ఇవాళ రాస్తున్నాను.

ముందు ఆయన ప్రపంచం ఏమిటో చెప్తాను. మన పిల్లలకు తెలియాల్సిన సంగతులు అందులో ఉన్నాయి.

నిమిషానికి 45 చుట్లు తిరిగే ఏడంగుళాల రికార్డును ఆర్‌సీఏ విక్టర్ కంపెనీ 1949లో మార్కెట్‌లోకి తెచ్చింది. ఒక వైపు ఒక పాట, రెండో వైపు ఇంకో పాట. చౌక. చేతిలో కాస్త డబ్బున్న ఎవరైనా ఒక పాట వేయించుకోవచ్చు. డెట్రాయిట్‌లో 1959లో మొదలైన మోటౌన్, మెంఫిస్‌లో స్టాక్స్ పెద్దవయ్యాయి. వాటి నీడలో డెట్రాయిట్‌లో రిక్-టిక్, షికాగోలో వన్-డర్-ఫుల్ లాంటి చిన్న లేబుళ్ళు ఎన్నో వచ్చాయి. చర్చి కోరస్‌లో గొంతు సానబట్టుకున్న నల్లజాతి పిల్లలు, పగలు కార్ల ఫ్యాక్టరీల్లో, హోటళ్ళలో పనిచేసి, రాత్రి స్టూడియోకి వెళ్ళి పాడారు. రేడియో వాళ్ళు వేస్తే పాట బతికేది. వేయకపోతే డబ్బాల్లో మూలుగుతూ ఉండేది.

అలా మూలిగిన రికార్డులు సముద్రం దాటి ఇంగ్లండ్ ఉత్తరాది ఊళ్ళకు చేరాయి. అక్కడి ఫ్యాక్టరీ కార్మికుల పిల్లలు, తెల్లవాళ్ళు, వాటి మీద రాత్రంతా డాన్స్ చేశారు. దానికి నార్తర్న్ సోల్ అని పేరొచ్చింది. విగన్ కాసినో అనే క్లబ్బు 1973 నుంచి 1981 దాకా దానికి గుడిలాంటిది. అక్కడి డీజేల పోటీ ఏమిటంటే, ఎవరి దగ్గర ఎవరికీ తెలియని పాట ఉందన్నది. పక్కవాడు కనిపెట్టకుండా రికార్డు మీది లేబుల్‌ను కాగితంతో కప్పి, దొంగ పేరు పెట్టి వేసేవాళ్ళు. అంటే పాడినవాడి పేరు మీద కాగితం అంటించడమే అక్కడ హోదా. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఫ్రాంక్ విల్సన్ అనే ఆయన 1965లో పాడిన ఒక సింగిల్‌ను మోటౌన్ అనుబంధ లేబుల్ ఒకటి అచ్చు వేసి, విడుదల చేయకుండానే ఆపేసింది. మిగిలిన కాపీలను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఒకటి 2009లో 25 వేల పౌండ్లకు పైగా పలికింది. సెకండ్ హ్యాండ్ అమ్మకం కాబట్టి పాడినవాడికి అందులో వాటా ఉండదు.

మరి ఏ వస్తువైనా ‘రేర్’ ఎలా అవుతుంది? కొన్ని ఖనిజాలు భూమిలోనే తక్కువ కాబట్టి అవుతాయి. పాట అలా కాదు. డబ్బు లేక తక్కువ కాపీలు వేస్తే, రేడియో తలుపు తీయకపోతే, దుకాణం వాడు ముందు వరుసలో పెట్టకపోతే, ఇల్లు ఇరుకై దాచుకునే చోటు లేకపోతే పాట అరుదవుతుంది. సైనిక్‌పురి ఆయన నాకు ఇస్తానన్న 2,000లో 1,980 రూపాయలు మా వాళ్ళ పేదరికానికి కట్టిన వెల. మన లేమి ముప్పై ఏళ్ళు ఊరితే వాళ్ళకు అది అపురూపం అవుతోంది.

ఇక మన క్యాసెట్ల కథ.

క్యాసెట్ రాకముందు ఈ దేశంలో రికార్డు అంటే హెచ్‌ఎంవీ. ఎవరి గొంతు లక్క పలక మీద ఎక్కాలో దమ్‌దమ్ ఫ్యాక్టరీ ఉన్న కంపెనీ తేల్చేది. 1980ల మొదట్లో క్యాసెట్ ఆ గుత్తాధిపత్యాన్ని పగలగొట్టింది. పీటర్ మాన్యువల్ అనే సంగీత పరిశోధకుడు 1993లో ఉత్తర భారతం మీద రాసిన ‘క్యాసెట్ కల్చర్’ పుస్తకం ఈ మార్పునంతా వివరిస్తుంది. మన దక్షిణాదిన, అందులో దళిత వాడల్లో జరిగింది రాయాల్సినవాళ్ళం మనం. మనం ఇంకా రాయలేదు.

కాలం చూడండి. క్యాసెట్ చవకైన రోజుల్లోనే 1985 జూలై 17న కారంచేడు జరిగింది. దళిత మహాసభ పుట్టింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం సభల్లో ఉపన్యాసానికి ముందు పాట, తర్వాత పాట. కారంచేడు మీద గద్దర్ కట్టిన పాట పుస్తకం కంటే ముందే ఊళ్ళకు చేరింది. 1991లో శత జయంతి. అదే ఏడాది ఆగస్టు 6న చుండూరు. 1994లో మాదిగ దండోరా. ఈ పదేళ్ళలో దళిత ఉద్యమం తనకు తాను చెప్పుకున్నదంతా సగం కరపత్రాల్లో ఉంటే, సగం క్యాసెట్లలో ఉంది. మాష్టార్జీ, గూడ అంజయ్య, గోరటి వెంకన్న లాంటి వాళ్ళ పేర్లు మనకు తెలుసు. వాళ్ళ వెనక పేరు తెలియనివాళ్ళు వందలమంది. ప్రతి బస్తీకి ఒక యువజన సంఘం, ప్రతి సంఘానికి ఒక డప్పు, ఒక హార్మోనియం, ఒక కోరస్.

ఆ క్యాసెట్ ఎలా తయారయ్యేదో మా ఇంట్లో వాళ్ళు చెప్పగా విన్నాను. నెలరోజులు చందాలు. స్టూడియో పగలు దొరకదు, రాత్రి అయితే కిరాయి తక్కువ. రాత్రి పదింటికి పోయి తెల్లారేసరికి ఎనిమిది పాటలు ముగించాలి. తప్పు పాడితే మళ్ళీ మొదటి నుంచి. మాస్టర్ టేప్ తీసుకుని కోఠిలో కాపీలు చేయించాలి. ఏప్రిల్ 14న ట్యాంక్‌బండ్ అంబేడ్కర్ విగ్రహం దగ్గర గోనెపట్టా పరిచి అమ్మాలి.

నేను కొన్న క్యాసెట్ కవర్ మీద వెనకాల ఇలా ఉంది: రచన, గానం అని ఒక మగాయన పేరు. దాని పక్కన, చిన్న అక్షరాల్లో, ‘మరియు బృందం’.

ఆ బృందంలో మా మేనత్త ఉంది.

చిలకలగూడ చర్చి కోరస్‌లో చిన్నప్పటి నుంచి పాడిన గొంతు ఆమెది. ఒక ఆసుపత్రిలో వార్డులు ఊడ్చే పని చేసింది. ఆ రాత్రి డ్యూటీ దిగి నేరుగా స్టూడియోకి పోయిందట. క్యాసెట్ తీసుకుని ఆమె దగ్గరికి వెళ్ళాను. ఇప్పుడు డెబ్బై దాటింది. కవర్ చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది.

“అత్తా, నీ పేరు ఎందుకు వెయ్యలే?”

“జాగ లేదన్నరు బిడ్డా. ఏడుగురం ఆడోళ్ళం. ఏడు పేర్లేస్తే బాబాసాహెబ్ బొమ్మ చిన్నగైతదన్నరు.”

“నువ్వేమన్నవ్?”

“ఏమంట? బాబాసాహెబ్ బొమ్మ చిన్న చెయ్యమని ఎట్లంట?”

తర్వాత మెల్లగా ఇంకో సంగతి చెప్పింది. ఆ పాటల్లో ఒకదానికి రెండో చరణం లేదట. స్టూడియోలో రాత్రి రెండు గంటలకు పాట నిమిషం తక్కువ పడుతోందని తేలింది. అప్పటికప్పుడు ఈ ఏడుగురు ఆడవాళ్ళు కూర్చుని చరణం కట్టారు. ఆసుపత్రిలో చూసింది, రైల్వే క్వార్టర్లలో అంట్లు తోమేటప్పుడు విన్నది అందులో పెట్టారు. పాట కవర్ మీద ఒక్కరి రచన. ఆ ఒక్కరు ఈ మధ్యే పోయారు. ఆయన మీద నాకు కోపం లేదు, ఆయనకూ ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

మిత్రులారా, ఇక్కడ మనం మనల్నే అడగాలి. నార్తర్న్ సోల్ డీజే పాడినవాడి పేరు మీద కాగితం అంటించాడు. మనం అసలు పేరే వేయలేదు. అగ్రకులాల పత్రికలు మన పేర్లు తుడిచేశాయని ముప్పై ఏళ్ళుగా అంటున్నాం, సరిగ్గానే అంటున్నాం. కానీ ‘మరియు బృందం’ అని రాసింది మన చెయ్యే. ఆ బృందంలో తొంభై పాళ్ళు మన ఆడవాళ్ళే అని ఏ వాడకు వెళ్ళి అడిగినా చెప్తారు.

నేను కూడా ఈ తప్పులో భాగస్తురాలినే. దళిత సాహిత్యం మీద డాక్టరేట్ చేశాను. నా సిద్ధాంత గ్రంథం మొదటి ప్రతిలో ఒక అధ్యాయం నిండా క్యాసెట్ పాటలే. అధోజ్ఞాపికల్లో క్యాసెట్ల పేర్లు రాశాను. ఆధారం ముద్రితమై ఉండాలి, పేజీ నెంబర్ ఉండాలి అన్నారు. క్యాసెట్‌కు పేజీ నెంబర్ ఎక్కడి నుంచి తేవాలి? కొట్లాడాల్సింది. ఫెలోషిప్ గడువు ముగుస్తోందని ఆ అధ్యాయం తీసేశాను. మా మేనత్త గొంతును ఒకసారి కవర్ మీది చిన్న అక్షరాలు మింగితే, రెండోసారి నేను మింగాను.

ఆ సంవత్సరాల్లో నాకు డు బోయ్స్ చదివిన జ్ఞానం లేదు. హార్వర్డ్ నుంచి డాక్టరేట్ పొందిన మొదటి నల్లజాతి మేధావి ఆయన. 1946లో బాబాసాహెబ్ ఉత్తరం రాసింది ఆయనకే. 1903లో వచ్చిన ఆయన ‘ది సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్’ పుస్తకం తెరిచి చూడండి. ప్రతి అధ్యాయం నెత్తిన కవితా పంక్తులతో పాటు బానిసల పాటల స్వరలిపి ముక్క ఒకటి ఉంటుంది. చివరి అధ్యాయం పూర్తిగా ఆ పాటల మీదే. ఏ పేజీ నెంబరూ లేని పాటను ఆయన తన శాస్త్రానికి ఆధారంగా నిలబెట్టాడు. 120 ఏళ్ళ కింద ఒక నల్లవాడు చేసిన పని మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు ఇప్పటికీ చేయడానికి జంకుతున్నాయి.

మన వైపు ఏముంది? 1995లో వచ్చిన దళిత కవితా సంకలనం పేరు ‘చిక్కనవుతున్న పాట’. ఆ మరుసటి ఏడు ‘పదునెక్కిన పాట’. రెండూ చరిత్ర సృష్టించిన పుస్తకాలు, వాటిని చదివే నేను మనిషినయ్యాను. కానీ పేరులో పాట ఉంది, లోపల ఎక్కువగా వచన కవితలే. పాట మనకు బిరుదైంది, సాహిత్యంగా మాత్రం లెక్కకు రాలేదు. అచ్చయినా పేరు నిలుస్తుందన్న నమ్మకం లేదు. సత్యహరిశ్చంద్ర నాటకం కాటిసీనులో జాషువా పద్యాలు పాడితే ఊరూరా వన్స్ మోర్ అన్నారు. ఆ పద్యాలు ఒక దళిత కవివని ఎరగకుండానే ఎంతమంది చప్పట్లు కొట్టారో! అచ్చయిన మహాకవి సంగతే ఇలా ఉంటే, నీలం రంగు కవర్ మీది బృందం సంగతి ఏమిటి?

ఇక్కడ రెండు అభ్యంతరాలు వస్తాయి. రెండూ నిజాయితీ గలవే.

మొదటిది: పాట ప్రజలది, పేరెందుకు? 1972లో మొదలైన జననాట్యమండలి నుంచి మనకు వచ్చిన సంప్రదాయం ఇది. నిర్బంధ కాలంలో పేరు రాసుకోవడం అంటే పోలీసులకు చిరునామా ఇవ్వడమే. 1997 ఏప్రిల్ 6న అల్వాల్ ఇంట్లో గద్దర్ మీద కాల్పులు జరిగాయి. ఒక తూటాను ఒంట్లోనే ఉంచుకుని 2023 ఆగస్టు 6 దాకా బతికాడు. చుండూరు జరిగిన తారీఖునే పోయాడు. ఆ త్యాగం ముందు పేరు గురించి మాట్లాడటం చిన్నతనంగా అనిపించవచ్చు. కానీ ఒకటి గమనించండి. పేరు దాచుకున్నది ప్రాణభయం ఉన్నవాళ్ళు. ఇవాళ ఆ పాటలనే యూట్యూబ్‌లో ఎక్కించి, మూలన తన ఛానల్ బొమ్మ తిప్పుకుంటూ, కింద ‘జానపదం, సేకరణ’ అని రాసుకుని డబ్బు చేసుకుంటున్నవాడికి ఏ భయం ఉంది? ప్రజలది అన్న మాటను వాడు ఎవరిదీ కాదు అని అర్థం చేసుకున్నాడు. ఎవరిదీ కాకపోతే వాడిదే అవుతుంది.

రెండోది: ఆ సేకర్త లేకపోతే క్యాసెట్ ప్లాస్టిక్ ముద్ద అయ్యేది కదా? నిజం. నేను కాదనను. విగన్ కుర్రాళ్ళు డాన్స్ చేయకపోతే ఎన్నో సోల్ పాటలు మట్టిలో కలిసేవి. కానీ సేకరించడంలో రెండు దారులున్నాయి. ఒక దారిలో అరుదుగా ఉంచితేనే వస్తువుకు విలువ. ఇంకో కాపీ దొరికితే సేకర్త దిగులు పడతాడు. రెండో దారి ఎలా ఉంటుందో 2003లో షికాగోలో మొదలైన న్యూమెరో గ్రూప్ చూపింది. వాళ్ళ మొదటి సంకలనం 2004లో వచ్చింది. కొలంబస్ నగరంలో మూతపడిన క్యాప్‌సోల్ అనే చిన్న లేబుల్ పాటలు అవి. ఆ లేబుల్ నడిపిన బిల్ మాస్‌ను వెతుక్కుంటూ పోయి, ఒప్పందం చేసుకుని, ఎవరు పాడారో ఎవరు వాయించారో కథంతా పుస్తకంగా వేసి మళ్ళీ తెచ్చారు. అదీ వ్యాపారమే. కానీ మనిషి దగ్గరికి పోయిన వ్యాపారం.

చట్టం కూడా ఇప్పుడు కొంత మారింది. రాసినవాళ్ళకు తమ పేరు చెప్పించుకునే హక్కు 1957 కాపీరైట్ చట్టంలోనే ఉంది, హక్కులు అమ్ముకున్నా అది పోదు. 2012 సవరణతో పాడినవాళ్ళకు కూడా అలాంటి హక్కు రాసిచ్చారు. పాత రికార్డింగుల విషయంలో కోర్టులో ఎంత నిలుస్తుందన్నది వకీళ్ళ లెక్క. కోర్టు చెప్పకముందే మనం పాటించడానికి అడ్డేముంది?

అందుకే విద్యార్థి మిత్రులకు నా విన్నపం. మీ ఊళ్ళో, మీ వాడలో, అటక మీద, ట్రంకు పెట్టెలో ఈ క్యాసెట్లు ఉన్నాయి. దొరకగానే ఆత్రంగా ప్లేయర్‌లో వేయకండి. వానకాలాలు తిన్న టేపు మీద తెల్లగా బూజు ఉంటుంది, అది హెడ్‌కు అంటుకుని ఇంకో క్యాసెట్‌ను కూడా పాడు చేస్తుంది. లోపల టేపును హెడ్‌కు అదిమి పట్టే చిన్న స్పాంజి ముక్క ఊడిపోయి ఉందేమో చూడండి. పైఅంచున ఉండే రెండు ప్లాస్టిక్ పలుకులు విరిచేయండి, మీద ఇంకేదీ రికార్డు కాకుండా ఉంటుంది. మంచి డెక్ దొరికినప్పుడు, హెడ్ స్పిరిట్‌తో తుడిచి, ఒకసారి చివరిదాకా చుట్టి వెనక్కి తిప్పి, అప్పుడు కంప్యూటర్‌లోకి ఎక్కించండి. ఎంపీత్రీ చేసి ఊరుకోవద్దు, వేవ్ ఫైల్ ఉంచండి. రెండు వేర్వేరు చోట్ల పెట్టండి.

ఇది సగం పని. అసలు సగం, ఆ కవర్ పట్టుకుని మనుషుల దగ్గరికి పోవడం. గోగు శ్యామల మన సదాలక్ష్మి నోటి నుంచి విని ‘నేనే బలాన్ని’ రాయకపోతే, సికింద్రాబాద్ బస్తీల నుంచి మంత్రి దాకా ఎదిగిన ఆ తల్లి మాట మనకు దక్కేదా? అలాగే అడగండి. ఎవరు రాశారు, ఎవరు అందుకున్నారు, ఎవరు డప్పు కొట్టారు, ఎవరు చందా ఇచ్చారు. కాపీ మొదట పాడినవాళ్ళ ఇంటికి చేరాలి, తర్వాతే ఇంటర్నెట్‌కు. పెట్టే ముందు వాళ్ళను అడగాలి. వద్దంటే పెట్టవద్దు.

నా తోటి అధ్యాపకులకు ఒక మాట. మన పిల్లలు రాసే పరిశోధన పత్రాల్లో క్యాసెట్‌ను ఆధారంగా ఒప్పుకుందాం. రచయిత, గాయకులు, క్యాసెట్ పేరు, తెచ్చిన సంఘం, ఊరు, సంవత్సరం, ఏ వైపు, ఎన్నో పాట. పేజీ నెంబర్ కంటే ఇది ఏ రకంగా తక్కువ? నా దగ్గరికి వచ్చే పిల్లల నుంచి ఈ ఏడాదే మొదలుపెడుతున్నాను. నేను తీసేసిన అధ్యాయాన్ని కూడా మళ్ళీ రాస్తున్నాను.

క్యాసెట్ అమ్మలేదు. సైనిక్‌పురి ఆయనకు అదే చెప్పాను. మీ దగ్గర మంచి డెక్ ఉంది కాబట్టి మా వాళ్ళ క్యాసెట్లు ఎక్కించడానికి ఇవ్వండి, ప్రతిదానికీ ఒక కాపీ మీకు ఇస్తాం, పేర్లతో సహా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. “కాపీలు పెరిగితే ఇది రేర్ కాదు కదా మేడమ్” అన్నాడు. కాకూడదనే అన్నాను. మర్నాడు తానే డెక్ తెచ్చి ఇచ్చి పోయాడు.

ఎక్కించిన పాట మా మేనత్తకు వినిపించాను. రెండో చరణం దగ్గర కళ్ళు మూసుకుని, “ఇది నేను, గిది మీ చిన్నమ్మ, ఈ సాగదీసేది దర్జీ ఆయన పెండ్లాం” అని గొంతు గొంతునూ విడదీసి చెప్పింది. పెన్ను అడిగింది. కవర్ మీద చిన్న అక్షరాల పక్కన ఖాళీ జాగాలో పేర్లు రాయించింది. జాగ సరిపోయింది. బాబాసాహెబ్ బొమ్మకు ఏమీ కాలేదు.

ఏడుగురిలో ఆరుగురి పేర్లు దొరికాయి. ఏడో ఆమెది గుర్తు రావడం లేదు. వారాసిగూడ వైపు లగ్గం అయిపోయిందని మాత్రం చెప్పింది. వచ్చే ఆదివారం అటు పోతున్నాను.

జై భీమ్.